ఎంకపల్లికంతా ఒకే మెయిల్

2022 వేసవి. మొయినాబాద్‌లో మెహదీపట్నం బస్సులు ఆగేచోట, చెప్పుల దుకాణానికీ టిఫిన్ సెంటర్‌కూ మధ్య నా నెట్ సెంటర్ ఉండేది. ఒకప్పుడు ఫలితాలు వచ్చిన రోజున ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు మెట్ల కింది దాకా నిలబడేవాళ్లు. పేజీ తెరుచుకునేదాకా వాళ్లతోపాటు నేనూ దేవుళ్లకు మొక్కేదాన్ని. అబ్బ, ఏం సందడి! ఆ ఏటికి అదంతా పోయింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి. నేను జిరాక్సులు తీసుకుంటూ, ఈగలు తోలుకుంటూ కూర్చునేదాన్ని.

అలాంటి ఒక మధ్యాహ్నం యాదిరెడ్డి కాక వచ్చాడు. ఎంకపల్లిలో గులాబీ తోటలున్న రైతు. పూల ధరలు చూసుకోవడానికని ఊళ్లో అందరికంటే ముందు ఇంటర్నెట్ పెట్టించుకున్నాడు. కనెక్షన్‌తోపాటు ఆ కంపెనీవాళ్లు ఒక మెయిల్ అడ్రసు కూడా ఇచ్చారు.

"బిడ్డా, గా కంపెనోళ్లు మెయిల్ బంద్ వెడుతున్నరట. రేపే ఆఖరు. అంతా జర కొత్తదాంట్లకు మార్చియ్యి."

"ఇన్నొద్దులు ఏం జేసినవ్ కాకా? వాళ్లు ముందే చెప్పి ఉంటరు గదా!"

"చెప్పిన్రు. తోట పనిల వడి మర్చిపోయిన. నువ్వున్నవ్ గదా అని ఫికర్ జెయ్యలే."

నాకు ఒళ్లు మండింది. నా దగ్గరేదో మంత్రం ఉన్నట్టు అందరూ ఆఖరి రోజే వస్తారు. అయినా కుర్చీ లాగి కూర్చోబెట్టాను.

ఇలా మెయిల్ మార్చడాన్ని మేము మైగ్రేషన్ అంటాం. పాత అడ్రసు, పాస్‌వర్డ్ ఇస్తే కొత్త సర్వీసే పాతదాంట్లో ఉన్నవన్నీ తనలోకి నకలు చేసుకుంటుంది. ఆ పనిని ఇంపోర్ట్ అంటారు. పాస్‌వర్డ్ అడిగితే కాక గొంతెత్తి చెప్పాడు.

"మెల్లగ కాకా, బయటోళ్లు వింటరు."

"విననియ్యి. మా ఊరందరికి ఎరికే."

మెయిల్స్ దిగుతుంటే సంగతి అర్థమైంది. హాల్‌టికెట్లు, ఇంటర్వ్యూ పిలుపులు, కాలేజీ సీట్లు, ఒక్కోటి ఒక్కొక్కరి పేరు మీద. దరఖాస్తులో ఈమెయిల్ అన్న గడి వస్తే చాలు, ఎంకపల్లిలో అందరూ కాక అడ్రసే రాసేవారు. ఊరి పేరు రాసినంత మామూలుగా రాసేవారు. మెయిల్ వస్తే మర్నాడు పొద్దున పాల కేంద్రం దగ్గర కాక పేరు పెట్టి పిలిచి చదివేవాడు. మంచి కబురైతే క్యాన్లు అక్కడే వదిలేసి జనం ఆ ఇంటికి పోయేవారట. ఆ రోజుల గురించి కాక చెబుతుంటే నాకు పని మీద ధ్యాసే లేకుండా పోయింది.

నకలు పూర్తయింది. కాక లేవబోయాడు.

"ఆగు కాకా. పాతవి వచ్చినయ్ గానీ, ఇగ రాబొయ్యేటివి పాత అడ్రసుకే పోతయ్. రేపు దాటితే అదే ఉండది. ఇంక ఎవరికన్న మెయిల్ రావాల్నా?"

ఆయన కళ్లు మూసుకుని ఊళ్లో ఇల్లిల్లూ తిరిగొచ్చాడు. "అందరియి ఒడిసినయ్... స్వరూపది ఉన్నది. నర్సింగ్ సీటు."

స్వరూప ఆ ఊరి ఆడపడుచు. మా దగ్గర్లోనే ఉన్న ప్రొద్దుటూరుకు కోడలుగా వెళ్లినా చదువు మానలేదు. ఆమె దరఖాస్తు కాపీ మెయిల్స్‌లోనే దొరికింది. కౌన్సెలింగ్ తేదీ మెయిల్‌కు పంపుతారని, ఆ రోజు రాకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారని అందులో ఉంది. అందులోని ఫోన్ నంబరు ఆమె పెళ్లికి ముందు వాడిన సిమ్ది. అది ఎప్పుడో పోయింది.

కాక మొహం వాడిపోయింది. "పోరి నోట్ల మన్ను గొడుతుంటి గదనే!"

దరఖాస్తులో అడ్రసు మార్చవచ్చు. కానీ అందుకు కావలసిన ఓటీపీ పాత మెయిల్‌కే వస్తుంది. అంటే ఆ పని అది మూతపడకముందే జరగాలి. కాక వెంటనే స్వరూప తల్లికి ఫోన్ చేశాడు. సాయంత్రానికి స్వరూప తన భర్తతో బండి మీద ఆదరాబాదరాగా వచ్చింది.

ఆమె దరఖాస్తుకు తను పెట్టుకున్న పాస్‌వర్డ్ కొట్టింది. ఓటీపీ వచ్చింది. కొత్త అడ్రసు రాయాల్సిన గడి తెరుచుకుంది.

"పెద్దబాపు కొత్తదే కొట్టు అక్కా," అంది స్వరూప, కాకను చూపిస్తూ.

నేను కొట్టబోతుంటే కాక అడ్డం వచ్చాడు. "వద్దు. నీ ఫోన్ల నీకు మెయిల్ లేదా బిడ్డా?"

"ఉన్నది పెద్దబాపూ. గానీ ఎప్పుడు మీదే ఇచ్చుడు అలవాటాయె."

"నేను తోటల వడి మర్చిపోతి. నీ సదువు నా మతి మీద ఎందుకుండాలె? నీది నీ చేతిల వెట్టుకో."

అనేసి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో వీపు చూస్తేనే తెలుస్తోంది. స్వరూప సొంత అడ్రసే ఎక్కించాను.

వాళ్లిద్దరూ వెళ్లాక కాక అడిగాడు. "ఇగ దీంట్లకు ఎవరిది వస్తది? నాకెందుకు ఈ కొత్తది?"

"ఉండనియ్యి కాకా. అదేమన్న నిన్ను బువ్వ అడుగుతదా?" అని కసిరాను. ఓదార్చడం నాకు చేతకాదు.

అప్పటినుంచి మెయిల్ మార్చమని ఎవరొచ్చినా, దీన్ని నమ్ముకుని ఎవరెవరున్నారని ముందు అడుగుతాను. పాస్‌వర్డ్ సంగతి ఆ తర్వాతే. మెయిల్స్ మార్చడం మిషన్ పని, మనుషుల్ని గుర్తుచేసుకోవడం మన పని. ఇది నాకు కాక దగ్గరే తెలిసింది.

కొన్ని వారాలకు ఆయన మళ్లీ వచ్చాడు. ఫోన్ నా ముందు పెట్టి, "చదువు," అన్నాడు.

"నీకు రాదా ఏంది?"

"అద్దాలు తేలే." అద్దాలు చొక్కా జేబులోంచి కనబడుతూనే ఉన్నాయి.

చదివాను. "పెద్దబాపూ, సీటొచ్చింది. అందరికంటె ముందు మీకే రాస్తున్న. మీ స్వరూప."

కాక తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"ఎంతమందియో చదివిన బిడ్డా. బిల్లులు గాకుంట నాకని వచ్చింది ఇదొక్కటే."