పాలకుర్తిలో ఆడని ఆట

నూనె పీల్చిన కాగితం మీద అచ్చు అక్షరాలు తేలితే నాకు బజ్జీ నోటికి పోదు. నిన్న జనగామ బస్టాండు ముందు కూడా పొట్లం విప్పి, మళ్లీ మూసేశాను. మల్లేశమన్న గుర్తొచ్చాడు.

ఆయనది పెళ్లిపత్రికల ప్రెస్సు. ఫ్లెక్సీలొచ్చి గిరాకీ పడిపోయింది. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న ఆ రోజుల్లో ఆయన ఒక ఆట పుస్తకం అచ్చేశాడు. ఒకరు కథ చెప్పాలి. మిగతావాళ్లు నేతగాడిగా, ఆటో డ్రైవరుగా, విద్యార్థిగా మారి మాట్లాడుతూ, బందు రోజున హైదరాబాదు సభకు చేరాలి. అడ్డంకి వచ్చినచోటల్లా పాచిక వేయాలి. ఆ ఆట మేమిద్దరం కలిసి రాశామని ఎంతోమందికి చెప్పాను. అబద్ధం. నేను పిన్నులు కొట్టాను. అవీ కొన్ని వంకరగా పడ్డాయి.

వరంగల్లు నుంచి వచ్చిన పుస్తకాల వ్యాపారి ఒకాయన, పుస్తకాల భాషలో వేస్తే అన్ని జిల్లాల్లో అమ్ముతానన్నాడు. అన్న ఒప్పుకోలేదు. "సినిమాలల్ల మన మాటకు నవ్వింది సాలదా సారూ? ఆటలనన్న మన మాట మనం మాట్లాడుకుంటం."

అమ్మే పద్ధతి కూడా ఆయనదే. "ఊరికొక్క పుస్తకం ఉత్తగనే ఇయ్యి తమ్మీ. మంచిగ కథ చెప్పెటోన్ని చూసి ఇయ్యి. దగ్గర కూసోని ఒక్కపారి ఆడిపియ్యి. పాత్రల కాయితాలు ఆడినన్నిసార్లు కావాలె. మన బువ్వ గా కాయితాలల్లనే ఉన్నది." ఆటగాడు తన పాత్ర పేరు, బలం, భయం రాసుకునే కాగితాలవి. ఊళ్లు మళ్లీ కాగితాలు అడిగితేనే రెండో భాగం వేయాలని ఆయన లెక్క. ఊళ్లు తిరగడం నా పని.

జఫర్‌గఢ్‌లో యాభైమంది మూగారని చెప్పుకుంటుంటాను. నలుగురు. అందులో ఒకడు వాన తగ్గేదాకా నిలబడ్డవాడు. పాలకుర్తిలో ఆ ఒక్కడూ లేడు. పత్తి ఏరే రోజులు, ఊరంతా చేలల్లో ఉంది. మధ్యాహ్నం దాకా కూర్చుని, సిగ్గేసి, కాగితాల కట్టను బజ్జీల అవ్వ చేతిలో పెట్టి ఆటో ఎక్కాను.

"ఏమాయె తమ్మీ?" అన్నాడు అన్న.

"కాయితాలన్నీ అయిపోయినయన్నా. ఇంక కావాలంటున్నరు."

ఎన్నో నెలల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూశాను. ఆ వెలుగు కోసం మరో రెండుసార్లు అదే పని చేశాను. ఆయన ఇంటి వెనక జాగా అమ్మి, రెండో భాగానికి కాగితం తెచ్చి అచ్చు మొదలుపెట్టాడు.

అది సగంలో ఉండగా, "పా, ఆడెటోళ్లను చూసొద్దాం" అన్నాడు.

"రేపు బందన్నా."

"రేపు గదరా. ఇయ్యాల పోదాం."

పాలకుర్తిలో దిగగానే బజ్జీలు కొన్నాడు. తిన్నాక పొట్లం కాగితాన్ని మోకాలి మీద పరిచి సాపు చేశాడు. 'నీ పాత్రకు దేనికి భయం?' అన్న ప్రశ్న కింద గీతలన్నీ ఖాళీ. అవ్వ దగ్గర ఇంకా సగం కట్ట ఉంది.

"సాయిలూ, ఎవ్వలు రాయలేదురా," అన్నాడు నాతో. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

అచ్చు ఆపి, మిషను అమ్మేసిన మర్నాడు నన్ను పిలిపించాడు. ఖాళీ ప్రెస్సులో కింద కూర్చుని, "ఇయ్యాల కథ నువ్వు చెప్పు. నేను నేతగాన్ని," అన్నాడు. చెప్పుకుంటూ పోయాను. ఆలేరు దగ్గర పోలీసులు ఆపారు. నాలుగో అంతకన్నా ఎక్కువో పడితేనే వదులుతారు. ఆయన పాచిక వేశాడు. నేను దాని మీద చెయ్యి మూసి, "ఐదు పడ్డదన్నా. దాటినవ్," అన్నాను.

ఆయన మెల్లగా నా చెయ్యి తీశాడు.

"రెండు పడ్డదిరా. రెండే అను. రెండు పడ్డంక నేతగాడు ఎట్ల పోతడో గది చెప్పు. ఆటంటే గదే."

నాకు చెప్పరాలేదు. రాష్ట్రం వచ్చిననాటికి ఆయన లేడు.

నా మాటల్లో సగం కోసేసి నమ్ముతారు జనం, న్యాయమే. కానీ ఒకరి ముఖం వెలిగించే కబురేదైనా కల్పించబోతే, నా చేతి మీద ఆయన చెయ్యి పడుతుంది. రెండు అనే అంటాను. ఆ తర్వాత ఎట్ల పోవాలో చెప్పడం మాత్రం నాకు ఇంకా రాలేదు.