తడి తుడిచి కట్టిన సంచి

ఆ షెడ్డులో ఆమెను అందరూ భూతద్దం పిన్ని అనేవారు. పేరు పెట్టినవాడు స్టోర్ కీపరు. సూదిమొనంత చిల్లయినా ఆమె కంటబడకుండా పోయేది కాదు మరి.

పడవలకు కట్టి ఉంచే గాలితెప్పలను ఏడాదికోసారి విప్పి చూసే షెడ్డు అది. పడవ మునిగే వేళ తాడు లాగితే చాలు, ఉబ్బి నీటి మీద తేలే తెప్పలవి. గాలి నింపి పరీక్షించేది వేరేవాళ్ళు. తెప్పలో ఉండే సంచి మాత్రం పిన్నిది. అందులో నీళ్ళ పొట్లాలు, బిస్కెట్లు, వాంతుల మాత్రలు, గాలం తాడు, నీళ్ళు తోడే డొప్ప, టార్చి, ఈల, ఎండను మెరుపులా దూరానికి కొట్టే చిన్న అద్దం ఉండేవి. దూరాన పోయే ఓడలను పిలవడానికి వెలిగించే ఎర్రమంట కడ్డీలు మూడు, వాటిని ఫ్లేర్లంటారు. ఒక్కొక్కటీ చూసి, సంచి కట్టి, చీటీ మీద సంతకం పెట్టి ముద్ర వేసేది. ఈల ఊది చూడందే లోపల పెట్టేది కాదు.

“పిన్నీ, ఇట్లా ఊదితే ట్రాఫిక్ పోలీసులు వచ్చి నిన్ను వాళ్ళలో కలిపేసుకుంటారు” అనేవాడు స్టోర్ కీపరు.

“నడిసముద్రంలో ఇది మోగకపోతే నువ్వెళ్ళి ఊదుతావా?” అనేది ఆమె. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి.

ఒక సోమవారం పొద్దున ఒకాయన పళ్ళ బుట్ట పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. ముఖం మీద చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. నెలన్నర కింద మునిగిన సరుకు పడవలో ఇంజను డ్రైవరు. తెప్ప ఎక్కినవాళ్ళు ఆరుగురు, తిరిగొచ్చింది అయిదుగురు. జేబులోంచి మడతలు పడ్డ చీటీ తీశాడు.

“ఈ సంతకం ఎవరిదండీ?”

“నాదే తమ్ముడూ” అంది పిన్ని.

అతను ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. “అమ్మా, మీరు పెట్టిన అద్దమే మమ్మల్ని బతికించింది. ఆరో రోజు దాన్ని ఎండలో తళుక్కుమనిపిస్తే చేపల పడవవాళ్ళు చూశారు.”

షెడ్డంతా చుట్టూ చేరింది. పిన్నికి ఛాతీ పొంగింది. అంతలో స్టోర్ కీపరు అడిగాడు. “అద్దం దాకా ఎందుకొచ్చారు? ఫ్లేర్లు వెలిగించలేదా?”

“అదేగా మా ఖర్మ! రెండో రోజే ఓడొకటి దగ్గరగా పోయింది. మూడూ తుస్సుమన్నాయి. మా వంటాయన కంగారులో సంచి విప్పి తడిపేశాడు. పోయినవాణ్ణి అనకూడదు గానీ, తన చేతులారా చేసుకున్నాడు. నాలుగో రోజు వద్దంటే వినకుండా ఉప్పునీళ్ళు తాగాడు. అయిదో రోజుకి లేడు.”

పిన్ని చేతులు వెనక్కి తీసుకుంది.

ఆమెకు ఆ సంచి గుర్తుంది. ఆ రోజు శనివారం. ఒంటిగంటన్నరకు సంచి విప్పితే ఓ మూల అతుకు విడి, లోపల చెమ్మ చేరి ఉంది. ఫ్లేర్ల పైకవరు తడితడిగా వేలికి తగిలింది. వాటి మీద ఉన్న తేదీకి ఇంకా ఏడాదిన్నర గడువుంది. అయినా తడి తగిలినవాటిని తీసి కొత్తవి పెట్టాలి. అది ఇంకొకరు చెప్పక్కర్లేదు, కొత్తగా చేరినవాళ్ళకు ఆ మాట నేర్పేదే తను. కానీ బీరువా తాళం స్టోర్ కీపరు దగ్గర ఉంది, అతను భోజనానికి వెళ్ళాడు. తెప్ప కోసం పడవవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. రెండింటి బస్సుకు అక్కతో కలిసి కర్టెన్ల గుడ్డ కొనడానికి వెళ్ళాలి. తేదీ ఉందిగా, ఏమవుతుందిలే అనుకుంది. ఫ్లేర్లను పొడిగుడ్డతో తుడిచి, అతుకు అంటించి, ముద్ర కొట్టేసింది. బస్సు కూడా అందింది.

పడవ మునిగినదాని మీద అధికారుల విచారణ అప్పటికే ముగిసింది. తేదీలు సరిగ్గా ఉన్నాయి, సంచి వాడేటప్పుడు నీళ్ళు చేరి ఉంటాయి అని రాసేశారు. కాగితం మీద పిన్ని పులుకడిగిన ముత్యం.

నోరు తెరిచి చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. ఇంజను డ్రైవరు పళ్ళు పంచుతుంటే ఒకటి తీసుకుంది కూడా. అతను వెళ్ళాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక సంచులు కుట్టే మిషను సొరుగులో పడేసింది.

ఆ తర్వాత పనిలో ఆమె చాదస్తం ముదిరింది. కట్టిన సంచిని మళ్ళీ విప్పేది. “భూతద్దానికి ఇంకో భూతద్దం కావాల్సొచ్చిందే” అని స్టోర్ కీపరు నవ్వితే, ఎప్పుడూ ఎదురు మాట విసిరే మనిషి ఇంకో సంచి ముడి విప్పింది. ఇంట్లో కొత్త కర్టెన్లు విప్పి పెట్టెలో కుక్కింది. ఎందుకని భర్త అడిగాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి, నిదానస్థుడు. పొయ్యి దగ్గర నిలబడే అంతా చెప్పేసింది.

ఆయన ముందు పొయ్యి కట్టేశాడు. “నీ తడే కారణమని ఏముంది? వంటాయన నిజంగానే తడిపాడేమో.”

“తడిపాడేమో. నేను కాదనట్లేదు. కానీ నా సంగతి కడుపులో దాచుకుని, మొత్తం ఆయన నెత్తిన పెట్టాను చూశారూ, దానికేం చెప్తారు?”

“చెప్తే ఉద్యోగం పోతుంది.”

“పోతుంది” అంది.

ఆ మాట అన్నాక కూడా ఆమెకు కాళ్ళు కదలడానికి తొమ్మిది రోజులు పట్టింది.

వంటాయన భార్య ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. గదంతా ఆవిరి, తడిగుడ్డల వాసన. పిన్ని బల్లకు ఇవతల నిలబడి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, తన పనేమిటో మొదలుకొని చెప్పింది. తడి చెప్పింది, తాళం చెప్పింది, కర్టెన్ల సంగతీ దాచలేదు. ఆవిడ ఇస్త్రీపెట్టెను జాగ్రత్తగా పక్కన నిలబెట్టింది.

“గుడ్డ కోసమా?” అంది.

“అవునమ్మా.”

“పడవవాళ్ళ ఆడవాళ్ళు మా గడప తొక్కడం మానేశారు తెలుసా? మీ ఆయన వల్లే మావాళ్ళు ఇంకో నాలుగు రోజులు సముద్రంలో మాడారు అన్నారు. స్కూల్లో ఎవరో అన్నారని మా అమ్మాయి బడి మానేసి కూర్చుంది. నేనూ నమ్మాను. ఫొటో ముందు నిలబడి ఆయన్ని తిట్టాను.”

“నన్ను క్షమించు తల్లీ.”

“అది నావల్ల కాదు. మీరు నాకు చెప్పింది వాళ్ళకు చెప్పండి. అందరి ముందూ చెప్పండి. ముందు అది చేయండి.” ఆవిడ మళ్ళీ పెట్టె అందుకుంది.

మర్నాడు పిన్ని రాసిచ్చిన కాగితం చదివి మేనేజరు తల పట్టుకున్నాడు. “ఫైలు మూసేశారు. కొరివితో తల గోక్కుంటానంటావేంటి?”

“రాసింది నిజమే సార్. తీసుకోండి.”

ఆ ఆదివారం సాయంత్రం రేవులో, తాళ్ళు ఆరేసే చోట, బతికొచ్చిన అయిదుగురినీ కూర్చోబెట్టి చెప్పింది. వంటాయన భార్య కూతురితో వచ్చి కాస్త ఎడంగా నిలబడింది. “ఆయన తడపలేదని నేను చెప్పలేను. నేను కట్టేటప్పటికే తడుందని మాత్రం చెప్పగలను” అని ముగించింది.

తిడతారనుకుంది. ఒకతను లేచి గట్టిగానే తిట్టాడు కూడా. ఇంజను డ్రైవరు మాత్రం నేల చూస్తూ, ఎవరితో అంటున్నాడో తెలియకుండా అన్నాడు.

“ఓడ పోయాక మేమెవరమూ వాడితో మాట్లాడలేదు. రెండు రోజులు. నీళ్ళు పంచేటప్పుడు వాడి వంతు చివర్న ఇచ్చాం. ఉప్పునీళ్ళు తాగొద్దన్నానని మీకు చెప్పింది అబద్ధం. చూశాను. ఊరుకున్నాను.”

వంటాయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కూతురు తల్లి చేయి పట్టుకుని లాగింది. ఇద్దరూ ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయారు. ఇంజను డ్రైవరు లేచి నాలుగడుగులు వాళ్ళ వెనకే నడిచి, ఆగిపోయాడు.

విచారణ మళ్ళీ తెరిచారు. కొత్త నివేదికలో వంటాయన మీద వేసిన మాట కొట్టేసి, పిన్ని పేరు రాశారు. ఆమె ముద్ర వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగం పోకుండా మేనేజరు ఎలాగో ఆపాడు గానీ, సంచుల బల్ల దగ్గరికి ఆమెను రానివ్వరు. ఇప్పుడు చిల్లులకు వేసే అతుకులు కత్తిరిస్తుంది, సాయంత్రం షెడ్డు ఊడుస్తుంది. భూతద్దం అని ఎవరూ పిలవడం లేదు. పిలవొద్దని ఆమె చెప్పలేదు, వాళ్ళకే నోరు రావడం లేదు.

వంటాయన భార్య దారిలో ఎదురైతే నవ్వదు, ముఖమూ తిప్పుకోదు. చాలా నెలల తర్వాత ఓసారి కూరగాయల బండి దగ్గర ఆగి, “అమ్మాయి బడికి వెళ్తోంది” అంది.

పిన్ని ఏదో అనబోయింది. ఆవిడ అప్పటికే బెండకాయలు ఏరుకుంటోంది, ముదురువి పక్కన పడేస్తూ.