ముడుపు బిళ్ళకు నంబరు

మా బాపు పేరు చెన్నయ్య. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోస్తాడు. జనం సామాన్లు కార్లలో వేసుకుని ఎక్కడివక్కడ వదిలేసి పోయిన ట్రాలీలను ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఇరవై ఇరవై అయిదు కలిపి, మళ్లీ లోపలికి తోసుకొచ్చి పెట్టడం ఆయన పని. జూన్‌లో యాభై ఎనిమిది నిండుతాయి, కాంట్రాక్టరు ఇంటికి పొమ్మంటాడు. ఆ తర్వాత గగన్‌పహాడ్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గర టిఫిన్ బండి పెట్టుకోవాలని బాపు, మా అమ్మ భాగ్యమ్మ రెండేళ్లుగా అనుకుంటున్నారు. ఆ బండి మొత్తం ఒకే ఒక్క రూపాయి బిళ్ళలో ఉందని నమ్ముకున్నారు. ఆ బిళ్ళ సంగతి ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా చెబుతాను.

బాపుకు పాత బిళ్ళల పిచ్చి. నిజాం కాలం నాటి హాలి సిక్కాలంటే అన్నం కూడా మరిచిపోతాడు. ఆ పిచ్చి అంటించింది అనంతయ్య. బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే దుకాణం ఆయనది. ముప్పై ఏళ్ల కింద బాపు అక్కడికి వాచీ పట్టుకుని పోయి, చేతిలో ఒక పాత బిళ్ళతో తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆ దుకాణానికి పోవడమే. అనంతయ్య కంటికి భూతద్దం బిగించుకుని బిళ్ళను తిప్పితిప్పి చూసేవాడు. బాపు పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన నోటి వెంట ఏ మాట వస్తుందా అని ఎదురుచూసేవాడు. ఆయనను బాపు అన్నా అంటాడు, నేను పెద్దబాపు అంటాను. మా ఇంట్లో పండగకు మొదటి విస్తరి ఆయనకే వేసేవాళ్లం.

అమ్మకూ ఆయనకూ మాత్రం ఒక తగువు ఉండేది. దీపావళి నాడు లక్ష్మీపూజకు అమ్మ ఇంట్లో ఉన్న వెండి బిళ్ళలన్నీ చింతపండుతో తోమి తళతళలాడించి పళ్లెంలో పెడుతుంది. మా వైపు చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. అది చూసి అనంతయ్య నెత్తి కొట్టుకునేవాడు.

"అయ్యో చెల్లే, తోమితే దాని పానం పోతదే! కడిగిన బిళ్ళను ఎవడు కొంటడు?"

"మరి లక్ష్మమ్మ ముందట మురికి బిళ్ళలు పెట్టాల్నా? మంచిగనే చెప్తున్నవ్ గని!" అనేది అమ్మ.

బాపు ఇద్దరి మధ్య నవ్వుతూ కూర్చునేవాడు. అట్లా బాపు కూడబెట్టిన బిళ్ళలన్నీ చింతపండు స్నానాలు చేసినవే. ఒక్కటి తప్ప.

అది మా నాయనమ్మ కట్టిన ముడుపు. మా చేనులో బావి తవ్వుతున్నప్పుడు, నీళ్లు పడితే గుట్టకు వచ్చి నర్సింహస్వామికి ఇస్తానని మొక్కి, ఒక రూపాయి బిళ్ళను పసుపు గుడ్డలో కట్టి దూలానికి వేలాడదీసింది. నీళ్లు పడలేదు. మొక్కు తీరనిదే ముడుపు విప్పకూడదు కదా, అది అట్లాగే ఉండిపోయింది. నాయనమ్మ పోయింది. ఆ చేను కూడా ఎయిర్‌పోర్టులోకి పోయింది. రెండేళ్ల కింద పెంకులు దించి స్లాబు వేస్తున్నప్పుడు ముడుపు చేతికొచ్చింది. అమ్మ భయపడితే బాపు ఆమెను గుట్టకు తీసుకుపోయి, అయ్యగారిని అడిగి, హుండీలో బదులు పైసలు వేసి వచ్చాడు. అప్పుడు గానీ గుడ్డ విప్పలేదు.

నల్లగా ఉంది బిళ్ళ. చార్మినార్ బొమ్మ, ఎడమ మినారు పక్కన పసుపు మరక. బాపు దాన్ని అరచేతిలో పట్టుకుని దుకాణానికి దాదాపు పరుగెత్తాడు. అనంతయ్య ఆ రోజు భూతద్దం తియ్యకుండా చాలాసేపు చూశాడట. చార్మినార్ గుమ్మంలో ఉండే ఉర్దూ అక్షరం ఈ బిళ్ళలో పొట్టిగా ఉంది, ఇట్లాంటివి అరుదు అన్నాడు.

"గంత పెద్దదేం కాదు చెన్నయ్యా. తెలిసినోళ్లకు ఇప్పిస్త, ఇరవై వేలు వస్తయ్" అన్నాడు.

నేను కార్గోలో కాగితాల పని చేస్తాను. కంప్యూటరు నా ముందే ఉంటుంది. వేలంపాటల్లో వెతికితే ఇదే రకం బిళ్ళ, గ్రేడింగ్ చేయించింది, లక్షన్నరకు పోయింది. గ్రేడింగ్ అంటే, కంపెనీవాళ్లు బిళ్ళను పరీక్ష చేసి, అసలుదో నకిలీదో తేల్చి, డెబ్భైకి ఇన్ని అని నంబరు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి పంపుతారు. అన్నీ కలిపి మూడు వేల దాకా ఖర్చు. ఆ మాట చెప్పగానే అనంతయ్య ఎగిరిపడ్డాడు.

"గదంత మోసం బిడ్డా! మూడు వేలు గుంజి డబ్బల పెట్టిస్తరు. మనం డబ్బను అమ్ముకుంటమా, బిళ్ళను అమ్ముకుంటమా? ముప్పై ఏండ్ల సంది చూస్తున్న, నా కన్ను కంటె పెద్ద నంబరు ఉన్నదా?"

"కొనేటోడు నీ కన్నును చూసి పైసలిస్తలేడు పెద్దబాపూ, నంబరు చూసి ఇస్తుండు" అన్నాను.

బాపు రెండు నెలలు ఊగిసలాడాడు. మూడు వేలంటే ఆయన జీతంలో అయిదో వంతు. పంపితే నంబరు తక్కువ వస్తే? అసలు రాకపోతే? పంపకపోతే ఇరవై వేలకే ఇచ్చేసి, జీవితాంతం లక్షన్నర అని కుమిలిపోవాలా? అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు. పోనీ ఇరవైకే ఇచ్చేస్తా అని పొద్దున అనేవాడు, సాయంత్రానికి మళ్లీ మొదటికే వచ్చేవాడు.

చివరికి అనంతయ్యే ఇంటికొచ్చాడు. "బిడ్డ మాట కూడ వినాలె. నా పేరు మీదనే పంపుత. కంపెనీల ఖాతా ఉన్నోళ్లయి జల్ది చూస్తరు" అన్నాడు. బాపు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మూడు వేలూ, పసుపు గుడ్డతో సహా బిళ్ళా ఆయన చేతుల్లో పెట్టాడు. నేను ఫోన్ తీసి ఒక ఫొటో తీయబోయాను.

"ఏందే గది? అన్న మీద అనుమానమా?" అని బాపు కసిరాడు. సిగ్గుపడి ఫోన్ లోపల పెట్టేశాను. ఎంత తెలివితక్కువదాన్ని!

నలభై రోజులకు డబ్బా అనంతయ్య దుకాణానికి వచ్చింది. అసలుదే అని రాసి ఉంది. కానీ కడిగినది, అందుకని నంబరు వేయలేదు అని కూడా రాసి ఉంది. అట్లాంటిది అయిదారు వేలకు మించి పోదు.

"చెప్తే ఇన్నరా? మూడు వేలు మట్టిల పోసిన్రు" అన్నాడు అనంతయ్య.

"పసుపు మరక ఏదన్నా?" అని బాపు మెల్లగా అడిగాడు.

"వాళ్లు చూసే ముందు కెమికల్‌ల ముంచుతరు, గట్ల పోయుంటది. చెల్లె ఎప్పుడో తోమి ఉంటది, మల్ల నల్లబడ్డది. ఆమెనడుగు."

బాపు నమ్మాడు. నేరుగా ఇంటికొచ్చి, వాకిట్లో గిన్నెలు కడుగుతున్న అమ్మ మీద విరుచుకుపడ్డాడు. నా ఎరుకలో ఆయన అమ్మను అట్లా తిట్టడం అదే మొదటిసారి. నీ చింతపండు నా బండిని మింగింది అన్నాడు. అమ్మ చేతిలో గిన్నె దబ్బున కింద పెట్టి లేచింది.

"ఏమన్నవ్? ముడుపు బిళ్ళను తోముతనా? మొక్కింది మీ అమ్మ, దేవునిది గది! దాని మీద చింతపండు ఏసేటంత మదమెక్కిందా నాకు? చెయ్యి గూడ పెట్టలే. నా పిల్ల మీద ఒట్టు!"

బాపు వినలేదు. మూడు రోజులు అమ్మ వడ్డిస్తే తినలేదు. నాకు మాత్రం అమ్మ మాట గుచ్చుకుంటూనే ఉంది. అమ్మ ఏదైనా తోముతుంది, ఇంటి తాళంచెవి కూడా తోముతుంది. కానీ దేవుడి సొమ్మును ముట్టుకోదు. ఇది మాకు తెలుసు, మా వైపు ఆడవాళ్లను ఎవరినడిగినా చెబుతారు. అనంతయ్యకే తెలియలేదు. ఆయన తలలో అమ్మ చింతపండు ఉంది గానీ, దేవుడంటే అమ్మకున్న భయభక్తులు లేవు.

నాలుగో రోజు ఆఫీసులో కూర్చుని డబ్బా మీద నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొట్టాను. మా డబ్బాలో ఉన్న బిళ్ళ ఫొటో వచ్చింది. మా కార్గోలో ఒకరు తెచ్చిన పార్సిళ్లకు వరుస నంబర్లు పడతాయి. ఏమనిపించిందో, చివరి అంకె ఒకటి పెంచి మళ్లీ కొట్టాను.

నల్లటి బిళ్ళ. చార్మినార్. ఎడమ మినారు పక్కన పసుపు మరక. అరవై నాలుగు అని నంబరు. తేదీ మా డబ్బాదే.

మూడు వేలు దండగ అన్న పెద్దమనిషి మా బిళ్ళకు తనదన్నట్టు గ్రేడింగ్ చేయించుకున్నాడు. తన దగ్గరున్న అదే రకం, అరిగిపోయిన, కడిగిన బిళ్ళను మాదని చెప్పి మాకు అంటగట్టాడు. రెండో కొరియర్ ఖర్చు ఎందుకనుకున్నాడో ఏమో, రెండింటినీ ఒకే పార్సిల్‌లో పెట్టాడు. థూ!

బాపును వెంటబెట్టుకుని దుకాణానికి పోయాను. ఫోన్ ఆయన ముందు పెట్టాను. అనంతయ్య భూతద్దం తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. దబాయిస్తాడనుకున్నాను, దబాయించలేదు.

"అమ్ముడుపోయింది చెన్నయ్యా" అన్నాడు.

"ఎందుకన్నా?" అన్నాడు బాపు. "అడిగితే ఇయ్యకపోదునా? సగం తీస్కో అంటే ఒద్దంటుంటినా?"

"ముప్పై ఏండ్లు కూసోబెట్టి నేర్పిన. బిళ్ళంటే ఏందో ఎరుకలేకుండె నీకు. గదానికి ఫీజు లేదా?"

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. బజారంతా పోగయ్యింది. పోలీస్ స్టేషన్‌కు పోదాం పద అని బాపు చెయ్యి పట్టి గుంజాను. ఆయన కదల్లేదు. అనంతయ్యనే చూస్తూ ఒక్క మాట అడిగాడు.

"ముప్పై ఏండ్లల్ల ఇంక ఎన్ని మార్చినవన్నా?"

అనంతయ్య తల వంచుకుని గడియారం మరలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

బాపు కేసు పెట్టనివ్వలేదు. "నా చేత్తోని ఇచ్చిన. ఏమని రాయిస్తవ్?" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మ ముందు కూర్చుని, తప్పయింది భాగ్యా అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ అన్నం పెట్టింది. ఆ తర్వాత వారం రోజులు డ్యూటీ నుంచి రాగానే బిళ్ళల పెట్టె ముందు వేసుకుని ఒక్కొక్కటీ చూసేవాడు. ఏది తను తెచ్చిందో, ఏది అనంతయ్య చేతుల్లో మారిందో ఆయనకు తేలలేదు. తేల్చుకోవడానికి ఆయనకున్న చూపు కూడా అనంతయ్య ఇచ్చిందే. అన్నీ గ్రేడింగ్‌కు పంపుదామా అని అడిగాను. లెక్కవేస్తే ఆ ఖర్చుకు రెండు బండ్లు వస్తాయి.

మే నెలలో పెట్టెలోని బిళ్ళలన్నీ సంచిలో పోసుకుని వెండి దుకాణానికి పోయాడు. నేనూ పోయాను. సేటు మంచివాడు. కుప్పను కాటాలో వేయకముందు వేళ్లతో కెలికి, ఒక బిళ్ళను తీసి పక్కన పెట్టాడు.

"చెన్నయ్యా, ఇది తూకంల ఏసేది కాదు. పాతది, మంచిగున్నది. వెండి ధరకు నేను కొన. జర తెలిసినోళ్లకు చూపెట్టు, ఎక్కువిస్తరు."

బాపు సేటు ముఖంలోకి అనుమానంగా చూశాడు. ఎన్నడూ ఎవరినీ అట్లా చూసిన మనిషి కాదు. ఆ బిళ్ళను తీసి తిరిగి కుప్పలో కలిపేశాడు.

"చూపెట్టిన సేటు. తూకమెయ్యి" అన్నాడు.