అత్తమ్మ చేతిలో గోలీ

పోయిన నెల, పసుపు తవ్వకాలు జోరుగా సాగుతున్న రోజుల్లో, మా అత్తమ్మ కోరుట్లలో మా ఇంట్లోనే గుండెపోటుతో పోయింది. దుబాయిలో ఉన్న నా భర్తకు సెలవు దొరకలేదు. తల్లి అంత్యక్రియలు ఫోనులోనే చూశాడు. వచ్చినవాళ్లంతా నన్ను పట్టుకుని, అత్తాకోడళ్లు తల్లీబిడ్డల్లా ఉండేవాళ్లని ఏడ్చారు. నిజమే. అందుకే నాకింత మంట.

మా పాప మీద బడి నుంచి రోజూ ఫిర్యాదులే. ఒకచోట కూర్చోదు, రాసేది సగంలో వదిలేస్తుంది. కరీంనగర్‌లో డాక్టరమ్మ చూసి, ఇది అల్లరి కాదు, మనసు ఒకదాని మీద నిలవని సమస్య అని చెప్పింది. రోజూ పొద్దున వేయమని గోలీ రాసింది. కొంచెం కొంచెంగా చదివించి, మధ్యలో ఆడుకోనివ్వమంది.

ఆ చదివించే పని అత్తమ్మకు వచ్చినట్టు నాకు రాలేదు. బీడీలు చుట్టేవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుంటే ఊరికే లేవరు, తంబాకు ఒలికిపోతుంది. అత్తమ్మ పాప ఒళ్లో ఖాళీ చాట పెట్టి, దాని మీద పుస్తకం పెట్టేది.

"గీ నాలుగు లైన్లు రాయి బిడ్డా, చాట దించి ఉరుకుదువు."

పాప రాసేది, వాకిట్లో ఒక చుట్టు ఉరికి వచ్చి మళ్లీ కూర్చునేది. "కొడితె కూసునే పిల్ల గాదు సారూ, నడుమ నడుమ లేవనియ్యుండ్రి" అని బడికి పోయి చెప్పింది కూడా ఆమే. ఆ రోజు ఆమెను చూసి ఎంత మురిసిపోయానో!

గోలీ కూడా ఆమే ఇచ్చేది. నేను బీడీ కార్ఖానాకు బయలుదేరేముందు, నా కళ్ల ముందే పాప నోట్లో వేసి నీళ్లు తాగించేది. నెలలు గడిచినా గుణం కనబడక, డాక్టరమ్మ మోతాదు పెంచుకుంటూ పోయింది.

దినాలైన మర్నాడు గోలీ నేనిచ్చాను. పాప నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నాలుక కింది నుంచి మళ్లీ అరచేతిలోకి తీసి నా ముందు చాపింది.

"రోజు నానమ్మకిస్తుంటి గదనే అమ్మా. ఇప్పుడెవలికియ్యాలె?"

అత్తమ్మ అట్లా ఎందుకు చేసిందో నాకు తెలుసు. గల్ఫ్‌లో కంపెనీ మూతబడి, మా బావ మతి చెడి తిరిగొచ్చాడు. అప్పుడిచ్చిన మందులకు పగలంతా మగతగా పడి ఉండేవాడు. "గా గోలీలే నా కొడుకును కట్టెను చేసినయి" అనేది అత్తమ్మ. ఆ మందు వేరు, ఈ మందు వేరు అని ఎంతగా చెప్పాను! "గట్లనే బిడ్డా" అని తలూపింది.

వద్దని మొఖం మీదే చెప్పి కొట్లాడినా బాగుండేది. ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి పోయేవాళ్లం. నన్ను నమ్మించి, నా బిడ్డకు నా దగ్గరే దాచడం నేర్పింది. చెప్పండి, ఇలాంటి మనిషిని ఎట్లా తలుచుకోవాలి?

సంగతి విని డాక్టరమ్మ మళ్లీ చిన్న మోతాదుతో మొదలుపెట్టింది. గోలీ వేశాక రోజూ పాప నోట్లోకి చూస్తున్నాను. మొదట్లో నోరు తెరవమని అడిగేదాన్ని. ఇప్పుడు అడగకముందే, తప్పు చేసినదానిలా నా ముందుకొచ్చి, నోరు తెరిచి నాలుక పైకెత్తి నిలబడుతోంది.