సంగవ్వ సున్నం వేసిన గోడ

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు నవ్వొచ్చేది. ఫోటోలు కడిగే చీకటి గదిలో ఎర్ర బల్బు ఒక్కటి పెట్టుకుని గంటలకొద్దీ ఒంటరిగా ఉండే పని నాది. భయపడేవాడైతే ఆ పనిలో వారం కూడా నిలవడు. ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను. ఒక్క ఫోటో విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఎనభైల నాటి మాట. నారాయణఖేడ్‌లో బస్టాండు దగ్గర వీరన్న స్టూడియోలో పని నేర్చుకుంటున్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. వీరన్నను ఉస్తాద్ అని పిలిచేవాణ్ణి. వాళ్లింట్లో కన్నడం మాట్లాడేవారు. కోపమొచ్చినా, ముద్దొచ్చినా ఆయన నోట ముందు కన్నడమే వచ్చేది.

అప్పటిదాకా మాకు పెళ్లిళ్లు, దరఖాస్తులకు అంటించే ముఖాలే పని. ఇంతలో మంజీర మీద ఆనకట్ట కడుతున్నారు, మనూర్ దిక్కు కొన్ని ఊళ్లు మునుగుతాయని తేలింది. అక్కడివాళ్లు స్టూడియోకు వచ్చి, మా ఇంటి ఫోటో తీసిపెట్టమని అడగసాగారు. ముఖాలకు అలవాటుపడ్డ చేతికి ఇళ్లు అంత తేలిగ్గా లొంగవు. అందుకని ఉస్తాద్ నాకు మొదటినుంచి నేర్పాడు.

కెమెరా మూతి పైకెత్తితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి, నువ్వు వెనక్కి నడువు గానీ దాన్ని ఎత్తకు అనేవాడు. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు దారం ఒకటి నా సంచిలో వేశాడు. దాన్ని స్టాండు ముందు వేలాడదీసి, స్తంభం సరిగ్గా దారం వెంట వచ్చేదాకా సర్దుకునేవాణ్ణి. నడినెత్తి ఎండలో ఇల్లైనా, జొన్నచేనైనా చప్పగా వస్తుందట. పొద్దున్నే వెళ్లి, నీడలు ఎటు పడుతున్నాయో చూసుకుని, అప్పుడు కెమెరా తియ్యమనేవాడు. నెల రోజులు చేల వెంట, మంజీర ఒడ్డు వెంట తిరిగాక, ఇక ఇళ్లు తియ్యొచ్చని పంపాడు.

అలా వెళ్లిన ఊళ్లో సంగవ్వ ఇల్లు ఉంది. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. కొడుకు కిష్టయ్య, ఆమె, ఇద్దరే ఉండేవారు. నేను వెళ్లేసరికి గోడలు తెల్లగా మెరిసిపోతున్నాయి. ముందురోజే ఆమె సున్నం వేసిందట. అరుగుకు ఎర్రమన్ను అలికి ముగ్గు కూడా పెట్టింది. ఇంకో రెండు నెలల్లో దర్వాజ, దూలాలు పీక్కుని కూల్చుకోవాల్సిన ఇల్లు అది.

"మునిగే ఇంటికి సున్నమేందే, పిచ్చి లేసిందా నీకు?" అని పక్కింటావిడ నవ్వింది.

"ఫోటోల పడేది గదా. మాసిపోయి కనబడాల్నా?" అంది సంగవ్వ.

తల దువ్వుకుని, పచ్చ చీర కట్టుకుని, కొంగు తల మీదికి కప్పుకుని దర్వాజ పక్కన అరుగు మీద కూర్చుంది. నాకేమో కొత్త విద్య తలకెక్కి ఉంది. స్తంభాలు, చెక్కిన దర్వాజ, తెల్లగోడ, ఇవే కావాలి. మనిషి అడ్డమనిపించింది.

"అవ్వా, జర పక్కకు జరుగు. ఇల్లు మంచిగ రావాలె" అన్నాను.

ఆమె నా వంక చూసింది. స్తంభం పట్టుకుని మెల్లగా లేచి, నాకు ఎడమవైపు, గోడ చివర దాటి వెళ్లి నిలబడింది. ఎండ నా కుడివైపు నుంచి పడుతోంది. రీలుకు పన్నెండే ఫోటోలు, ఆ రోజు ఇంకా చాలా ఇళ్లున్నాయి. ఆ ఇంటికి ఒక్కటే తీశాను.

ప్రింటు చూసి ఉస్తాద్ స్తంభాల మీద స్కేలు పెట్టి కొలిచాడు. బాగుందన్నట్టు తల ఊపాడు. "ఏనప్పా, ఇల్లు మంచిగొచ్చింది. మనిషేది?" అన్నాడు.

ఆ ఫోటో తీసుకెళ్లి సంగవ్వ చేతికిచ్చాను. ఆమె దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు వెతికింది.

"ఇల్లు మాదే. నేనేది బిడ్డా?"

వచ్చే వారం వచ్చి నిన్నూ తీస్తానన్నాను. "జల్దీ రా. దర్వాజ పీకకముందే రా" అంది.

నేను వెళ్లలేదు. పెళ్లిళ్ల రోజులని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ ఊరికి రోజూ బస్సుంది.

ఒకరోజు పొద్దున పది గంటలప్పుడు కిష్టయ్య స్టూడియోకు వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. ఆ గుండు చూడగానే నాకు అర్థమైంది.

"దర్వాజ పీకిన నాటినుంచి సక్కగ తినలే అన్నా. కొత్త జాగాకు వచ్చినంక పది దినాలు గూడ ఉండలే" అన్నాడు. అవ్వది ఒక్క ఫోటో కూడా లేదట. నేనిచ్చిన ఇంటి ఫోటో బల్ల మీద పెట్టి, కనీసం దాన్నైనా పెద్దగా చేసియ్యమని, దినాలకు పెట్టుకుంటామని అడిగాడు.

లోపలికెళ్లి ఆ ఇంటి నెగెటివ్ తీసి పెద్ద కాగితం మీద ప్రింటు వేశాను. మందునీళ్లలో ముందు స్తంభాలు తేలాయి. తర్వాత దర్వాజ. ఆ పక్కన తెల్లగోడ మీద, అరుగుకు ఆనుకుని, ఒక నీడ తేలింది. కూర్చున్న మనిషి నీడ. తల మీద కొంగు.

కాగితంలో లోపమనుకుని ఇంకొకటి వేశాను. మందు మార్చి మూడోది వేశాను. మూడింట్లోనూ అక్కడే ఉంది.

ఉస్తాద్‌ను పిలిచాను. కిష్టయ్య తెచ్చిన పాత ప్రింటు పక్కన పెట్టి ఇద్దరం భూతద్దంతో చూశాం. పాతదాంట్లో గోడ ఖాళీ. రెండూ ఒకే నెగెటివ్ నుంచి వచ్చినవి. రీలు తిప్పడం మరిచిపోతే ఒక ఫోటో మీద ఇంకోటి పడుతుంది, నిజమే. అలాగైతే పాతదాంట్లోనూ ఉండాలి. పోనీ పక్కన నిలబడ్డ సంగవ్వ నీడే అనుకుందామా? స్తంభాల నీడలన్నీ ఎడమకు పడ్డాయి. ఆమె ఎడమవైపే, ఇంటి చివర దాటి నిలబడింది. ఆమె నీడ ఫోటోలోకి రాదు. ఇదేమో కూర్చున్న నీడ, అదీ కుడికి వాలి ఉంది.

ఉస్తాద్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కడుగు. ఆరబెట్టు. ఆయనకియ్యి" అన్నాడు. అంతే.

కిష్టయ్య ఫోటోను వెలుతురులోకి తీసుకెళ్లి చూశాడు. తర్వాత కళ్లకద్దుకుని అక్కడే ఏడ్చాడు.

"మా అవ్వనే. గిట్లనే కూసుంటుండె. తీసినవ్ గదా అన్నా, చెప్పవేంది?"

కాదని చెప్పకుండా ఫోటోను కాగితంలో చుట్టి ఇచ్చాను. ఆ తర్వాత ఒకసారి వాళ్ల కొత్త ఇంటికి వెళ్లాను. ఫోటోకు దండ వేసి ఉంది. అద్దం మీద సరిగ్గా ఆ నీడ నుదురు ఉన్నచోట కుంకుమ బొట్టు పెట్టారు. కిష్టయ్య వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, మా అవ్వ ఫోటో తీసింది గీ అన్ననే అని చెప్పాడు. వాళ్లు నాకు చాయ్ ఇచ్చారు.

ఆ నీడ ఎక్కడిదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ ఫోటో మాత్రం నేను తీసింది కాదు. నేను ఆమెను పక్కకు జరగమన్నాను.