శాలువా కింద పెట్టె

2022 వేసవి. కరోనా వెనక్కి తగ్గి, మా జిల్లాలో పద్యనాటకాలు మళ్ళీ స్టేజి ఎక్కుతున్న రోజులు. ఏలూరులో కాలువ గట్టుకు దగ్గరగా, ఒక అద్దె గదిలో నాది ఆడియో రిపేరు షాపు. కీబోర్డులు, మిక్సర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తాను. కొన్నేళ్ళుగా సింగిల్ బోర్డ్ కంప్యూటర్లతో వాద్యాల పెట్టెలు కూడా కడుతున్నాను.

ఈ పని తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. సింగిల్ బోర్డ్ కంప్యూటర్ అంటే అరచేతిలో ఇమిడే ఒక పచ్చ బోర్డు. ప్రాసెసర్, మెమరీ అన్నీ దాని మీదే ఉంటాయి. అందులో ప్లగిన్లు నడుపుతాం. ప్లగిన్ అంటే చేత్తో పట్టుకోలేని వాద్యం. సాఫ్ట్‌వేర్ రూపంలో వీణ కావచ్చు, సింథసైజర్ కావచ్చు, పాటకు గుడి మండపంలో పాడినట్టు ప్రతిధ్వని ఇచ్చే రివెర్బ్ కావచ్చు. ఈ పెట్టెకు మిడి కీబోర్డు తగిలిస్తారు. ఆ కీబోర్డుకు సొంత గొంతు ఉండదు. ఏ మెట్టు నొక్కారో పెట్టెకు చెబుతుంది, పెట్టె పలుకుతుంది.

మా తాతగారికి పెదవేగి దారిలో రైసు మిల్లు ఉండేది. చుట్టుపక్కల ఎక్కడ నాటకం ఆడినా ముందు వరసలో మధ్య కుర్చీ ఆయనది. ఆయన చేత్తో శాలువా కప్పించుకున్న నటుడు మరుసటి ఏడు దాకా ఆ మాట చెప్పుకునేవాడు. మిల్లు పోయింది, ఇల్లు పోయింది. మిల్లు గేటుకు ఉండే ఇత్తడి పలక ఒకటి మిగిలింది. దాని మీద ఆయన పేరు చెక్కి ఉంది. ఆ పలకను నా వర్క్‌బెంచి వెనక గోడకు ఆనించి ఉంచాను. అద్దె గోడకు మేకు కొట్టి ఆ పేరును వేలాడదీయడం నాకు ఇష్టం లేదు.

తాడేపల్లిగూడెంలో సూరిబాబు అని ఒకతను ఇదే పని చేస్తాడు. నాకంటే చిన్నవాడు, నాకంటే ఆలస్యంగా మొదలుపెట్టాడు. అతని షాపుకు రంగు లైట్ల బోర్డు ఉంది. పెట్టె కట్టిన ప్రతిసారీ ఫోన్లో వీడియో పెడతాడు. ద్వారకా తిరుమల భజన బృందం నుంచి జంగారెడ్డిగూడెం పెళ్ళి బ్యాండు దాకా అందరి నోటా అతని పేరే. నన్ను ఎక్కడ చూసినా "గురువుగారూ" అని నమస్కారం పెడతాడు. ఆ పిలుపు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నేనతనికి ఏమీ నేర్పలేదు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం ఖాదర్ గారు నా షాపుకు వచ్చారు. ఆయన నాటక సమాజంలో హార్మోనిస్టు. వాళ్ళ నాన్నగారు కూడా హార్మోనిస్టే, మా తాతగారి చేతుల మీదుగా శాలువాలు కప్పించుకున్నవారు. ఖాదర్ గారికి పక్షవాతం వచ్చి తగ్గింది కానీ ఎడమకాలు సరిగ్గా స్వాధీనంలోకి రాలేదు. నాటకానికి వాడేది కాలితో గాలి కొట్టే లెగ్ హార్మోనియం. కాలు ఆడకపోతే అది పలకదు. అందుకని మిడి కీబోర్డు, దానికో పెట్టె తీసుకున్నారు. సంచిలోంచి ఆ పెట్టె తీసి నా బెంచి మీద పెట్టారు. పైన 'సూరిబాబు సౌండ్స్, తాడేపల్లిగూడెం' అని మెరిసే స్టిక్కరు.

"ఇది చిటపటలాడుతోందండి బాబుగారూ. పద్యం మధ్యలో వేరుశనక్కాయలు వేయించినట్టు."

"చేసినవాడికే చూపించలేకపోయారా?" అన్నాను.

"చూపించానండి. అక్కడ పెడితే శుభ్రంగా పలుకుతోందండి. రోజంతా వాయించాం. ఏం లేదు."

"అసలు మొదట నా దగ్గరికి ఎందుకు రాలేదండీ? మా తాతగారి నాటి నుంచీ మీ ఇంటివాళ్ళని ఎరుగుదుం."

ఆయన కాసేపు టోపీ సరిచేసుకున్నారు. "మీరు పెద్దోరండి. మీ గుమ్మం ఎక్కాలంటే చొక్కా మార్చుకోవాలండి. ఆయన దగ్గరయితే బల్ల మీద కూర్చుని టీ తాగుతా చెప్పుకోవచ్చండి."

స్క్రూడ్రైవరు తీసి పెట్టె విప్పాను.

చెత్తగా కట్టి ఉంటాడని ఆశపడ్డాను. వైర్లు జడ అల్లినట్టు కట్టి ఉన్నాయి. సోల్డరింగు శుభ్రంగా ఉంది. ఫ్యాను పెట్టలేదు. స్టేజి మీద మైకు పక్కనే ఉండే పెట్టెలో ఫ్యాను పెడితే ఆ హోరు మైకులోకి పోతుంది. నేనైనా పెట్టేవాణ్ణి కాదు. వేడి పోవడానికి పై మూతకు సన్నటి చీలికలు కోశాడు. అదీ సరిగ్గానే ఉంది.

కీబోర్డు తగిలించి ఖాదర్ గారిని వాయించమన్నాను. ఆయన ఒక సన్నటి ఆలాపన ఎత్తుకున్నారు. నా చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. అది ఎక్కడో కొన్న రెడీమేడ్ శబ్దం కాదు, ఖాదర్ గారి సొంత హార్మోనియం. సూరిబాబు ఆయన ఇంటికి వెళ్ళి, గాలికి పలికే ఒక్కొక్క లోహపు రీడునే పలికించి రికార్డు చేశాడట. దీన్నే శాంప్లింగ్ అంటారు. మెట్టు వదిలాక తిత్తిలో మిగిలిన గాలి తీసే నిట్టూర్పు కూడా ఉంది. పై స్థాయిలో ఒక రీడు కొంచెం బొంగురుగా ఉంటే దాన్నీ దిద్దకుండా అలాగే ఉంచాడు.

"ఆ బొంగురు తీసెయ్యమంటే తియ్యలేదండి" అన్నారు ఖాదర్ గారు నవ్వుతూ. "అది తీస్తే మీరెవరో జనం గుర్తుపట్టరు అన్నాడండి."

నేను కట్టి ఉంటే ఆ బొంగురు దిద్దేవాణ్ణి. ఆ సంగతి నాకు వెంటనే తెలిసింది.

నా షాపులో కూడా చిటపట రాలేదు. సాయంత్రం దాకా వాయించాం.

"స్టేజి మీద ఎప్పుడొస్తుందండీ? మొదట్లోనా, చివర్లోనా?"

"బాగా వాయించినప్పుడేనండి."

"అదేం జవాబండీ?"

"నిజవేనండి బాబుగారూ. పేలవంగా వాయించినరోజు కిక్కురుమనదు. జనం ఒన్స్ మోర్ అన్నాక మొదలవుద్దండి. మా వీర్రాజుగారైతే దిష్టి అంటున్నారండి. ఇంకోసారి ఇలాగైతే రాజమండ్రి నుంచి ఎవరో కీబోర్డతన్ని తెచ్చుకుంటారంట. చిన్నప్పటి నుంచీ ఆ స్టేజి పక్కనే కూర్చున్నానండి. ఇప్పుడు ఎక్కడ కూర్చోనండి?"

వీర్రాజు గారు ఆ సమాజం పెద్ద. రాజు వేషాలు ఆయనే వేస్తారు. పద్యం ఎత్తుకున్నప్పుడు హార్మోనియం తడబడితే ఆయన గొంతు కూడా తడబడుతుంది. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు.

ఇలాంటి పెట్టెలో చిటపట ఎందుకు వస్తుందో చెబుతాను. కంప్యూటరు శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తయారుచేసి అందిస్తుంది. ఆ ముక్కను బఫర్ అంటారు. పంక్తిలో వడ్డనలాగే. విస్తట్లో అన్నం అయిపోకముందే వడ్డించేవాడు రావాలి. ఆలస్యమైతే చెయ్యి ఖాళీగా ఆగిపోతుంది. ఆ ఖాళీయే మనకు చిటపటగా వినిపిస్తుంది. ముక్క పెద్దది చేస్తే వడ్డనకు తీరిక దొరుకుతుంది కానీ, మెట్టు నొక్కిన కాసేపటికి గాని శబ్దం రాదు. ఖాదర్ గారి వేళ్ళకు అది కుదరదు. కాబట్టి ప్రాసెసర్ ఎందుకు నెమ్మదిస్తోందో కనిపెట్టాలి.

వాళ్ళు ఎక్కువగా ఆడేది కొల్లేరు లంక గ్రామాల్లో, తర్వాతి నాటకమూ అలాంటి ఊళ్ళోనే. అక్కడ చుట్టూ చేపల చెరువులు. సాయంత్రం కాగానే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల మోటార్లు ఆన్ చేస్తారు, ఊరి కరెంటు నీరసపడుతుంది. వోల్టేజి తగ్గితే ఈ బోర్డులు నెమ్మదిస్తాయి. చిక్కు అక్కడే ఉందనుకున్నాను. సూరిబాబుకు ఈ సంగతి తోచలేదని లోపల సంతోషించాను కూడా. మంచి బ్యాటరీ ఒకటి పట్టుకుని నేనే ఆ ఊరు వెళ్ళాను.

సందె వేళకు నాటకం మొదలైంది. చెరువుగట్ల మీంచి చేపల మేత వాసన, ఏరేటర్ల చప్పుడు. పెట్టెను కరెంటు నుంచి తప్పించి నా బ్యాటరీకి తగిలించి, స్టేజి పక్కన ఖాదర్ గారి వెనక కూర్చున్నాను. మొదటి అంకం అద్దంలా నడిచింది. రెండో అంకంలో వీర్రాజు గారు పద్యం ఎత్తుకుంటే, ఖాదర్ గారు దాని వెంట నడిచి చివర ఒక మెరుపు మెరిపించారు. జనం ఒన్స్ మోర్ అన్నారు. ఊరి పెద్ద ఒకాయన స్టేజి ఎక్కి ఖాదర్ గారికి శాలువా కప్పాడు. ఆయన తల వంచి కప్పించుకున్నారు. తర్వాత ఆ శాలువాను జాగ్రత్తగా మడిచి పెట్టె మీద పరిచారు.

ఆ పద్యం మళ్ళీ అందుకున్నారు. ఇంకో పద్యం కూడా అయింది. ఆ తర్వాత వేరుశనక్కాయలు వేగడం మొదలైంది.

నేను ముందుకు జరిగి శాలువా ఎత్తబోయాను.

"తియ్యకండి బాబుగారూ" అన్నారాయన మెట్ల మీంచి చెయ్యి తియ్యకుండానే. "ఊరోళ్ళు చూస్తున్నారండి. మర్యాద కాదండి."

"పెట్టె ఉడికిపోతోందండీ. శాలువా వేరే ఎక్కడైనా పెట్టకూడదా?"

"కింద పెడతానా అండి? మా నాన్న నాటి నుంచీ శాలువా హార్మోనియం మీదే వేస్తామండి. వాయించేది అదేనండి, దానిక్కూడా చెందాలి."

శాలువా కింద చెయ్యి పెట్టి చూశాను. ఇస్త్రీపెట్టెలా ఉంది. వేడి మితిమీరితే ప్రాసెసర్ కాలిపోకుండా తనంతట తాను నెమ్మదిస్తుంది. దీన్ని థ్రాట్లింగ్ అంటారు. పై చీలికలు మూసుకుపోయాక అది చేస్తున్నది అదే. రిపేరు షాపులో ఎవరూ ఎవరికీ శాలువా కప్పరు. అందుకే చిటపట సూరిబాబు బల్ల మీదా రాలేదు, నా బల్ల మీదా రాలేదు.

వేరే దారి లేక శాలువా కింద రెండు చేతులు పెట్టి, దాన్ని పందిరిలా ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. మా తాతగారు శాలువాలు కప్పిన నాటకాలు ఇవే. ఆయన మనవడినైన నేను ఇంకొకరి శాలువా మోస్తూ, ఇంకొకరి స్టిక్కరుకు గాలి తగిలేలా వంగి కూర్చున్నాను. కాసేపటికి చిటపట తగ్గింది. కానీ అప్పటికే వీర్రాజు గారి పద్యం ఒకటి పాడైపోయింది.

నాటకం అయ్యాక ఆయన కిరీటం చేత్తో పట్టుకుని వచ్చారు. "ఖాదర్ గారూ, మీ మీద గౌరవం ఉంది గనక ఇంకొక్క నాటకం చూస్తానండి. ఆ తర్వాత నన్ను అనుకోవద్దు."

మర్నాడు పెట్టెను మళ్ళీ విప్పాను. ఖాదర్ గారు పక్కనే కూర్చున్నారు. శాలువా తీయమని ఆయనకు చెప్పడం కుదరని పని. ఫ్యాను కుదరదు. వేడి పైనుంచి కాకుండా కిందనుంచి పోవాలి. ప్రాసెసర్‌ను బోర్డుతో సహా తిరగేసి, మందపాటి లోహపు పలకకు ఆనించి, ఆ పలకనే పెట్టెకు అడుగు చేసి, కింద గాలి ఆడేలా పొట్టి కాళ్ళు బిగించాలి. అప్పుడు పైన ఎన్ని శాలువాలు పడ్డా బాధ లేదు. షాపులో ఉన్నది పల్చటి అల్యూమినియం రేకు. మందపాటిది బజారులో దొరుకుతుంది. నాకు తెలుసు.

నేను బజారుకు వెళ్ళలేదు. గోడకు ఆనించిన ఇత్తడి పలక తీశాను.

"అది పెద్దాయనది కదండీ" అన్నారు ఖాదర్ గారు లేచి నిలబడి.

"అవునండి."

"కోసేస్తారా?"

"చుట్టూ అంచు మాత్రమే కోస్తాను. పేరు జోలికి పోను."

పేరు లోపలి వైపుకు వచ్చేలా బిగించాను. అక్షరాల మధ్య నున్నటి చోట ప్రాసెసర్ ఆనింది. మూత బిగించాక పైన సూరిబాబు స్టిక్కరు ఎప్పటిలాగే మెరుస్తోంది. దాన్ని పీకెయ్యాలని చెయ్యి లాగింది. పీకలేదు. లోపల పలికేది అతను చేసిన శబ్దమే.

"ఈసారి మీ పేరు మైకులో చెప్పిస్తానండి బాబుగారూ."

"వద్దు. నా పేరు ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నాను.

తర్వాతి నాటకం కొల్లేరు ఒడ్డునే ఇంకో లంకలో. ఈసారి ఖాదర్ గారికి శాలువా మీద శాలువా పడింది. అన్నీ పెట్టె మీదకే చేరాయి. ఒన్స్ మోర్ మీద ఒన్స్ మోర్. ఒక్క చిటపట లేదు. వీర్రాజు గారు పద్యం చివరి అక్షరాన్ని ఊపిరి ఉన్నంతసేపు పట్టి నిలిపారు, పెట్టె ఆయనతోపాటే నిలిచింది.

అంకాల మధ్య విరామంలో ఆయనే మైకు తీసుకున్నారు. "హార్మోనియం కాలు విరిగినా గొంతు విరగకుండా కాపాడిన తాడేపల్లిగూడెం సూరిబాబు గారిని వేదిక మీదకు పిలుస్తున్నామండి." సూరిబాబు జనంలోంచి లేచి వచ్చాడు. శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. అతను నన్ను చూసి, "గురువుగారూ, మీరూ వచ్చారా!" అన్నాడు. పెట్టె అడుగున ఏముందో అతనికి తెలియదు. నా పేరు చెప్పొద్దని నేనే అన్నాను. ఎవరూ చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

జనం సర్దుకుంటుండగా ఖాదర్ గారు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. నా చెయ్యి పట్టుకుని పెట్టె అడుగుకు తాకించారు.

"వెచ్చగా ఉందండి" అన్నారు మెల్లగా. "మీ తాతగారు పనిచేస్తున్నారండి బాబుగారూ."

ఆ కేసు నాకు నేర్పింది నా వృత్తిలో రోజూ పనికొస్తోంది. పరికరం తప్పు చేస్తోందని ఎవరైనా తెస్తే, మొదట దాన్ని విప్పను. దీన్ని ఎక్కడ పెడతారు, దీని మీద ఏం పెడతారు, ఎప్పుడు దీనికి మర్యాద చేస్తారు అని అడుగుతాను. అడగడానికి వాళ్ళు కూర్చోవాలి కాబట్టి షాపులో ఒక బల్ల కూడా వేయించాను. టీ చెప్పిస్తాను. ఈ బల్ల, టీ ఎవరి దగ్గర చూసి నేర్చుకున్నానో వేరే చెప్పక్కర్లేదు.

అసూయ మాత్రం తగ్గలేదు. ఆ బొంగురు రీడు విన్నప్పుడల్లా కొత్తగా మొదలవుతుంది. తర్వాత ఎప్పుడో సూరిబాబు ఫోన్ చేశాడు. ఖాదర్ గారు సంగతి చెప్పినట్టున్నారు.

"గురువుగారూ, మీరు కింద ఇత్తడి పలక వేశారంటండి. అద్భుతమండి. నా కొత్త పెట్టెలకూ వేద్దామనుకుంటున్నానండి. ఎక్కడ దొరుకుతుందండి?"

"మందపాటి అల్యూమినియం వెయ్యండి. వేడిని అదే ఇంకా బాగా లాగుతుంది" అన్నాను. "ఆ ఇత్తడి ఇంక దొరకదండి."