గోదాము గోడ దగ్గర మా బావ కాపలా

మా బావ కండక్టరుగా పనిచేసినంత కాలం తన సీట్లో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. బస్సు ఖాళీగా ఉన్నా ముందు తలుపు నుంచి వెనక తలుపుకీ, అక్కణ్ణుంచి మళ్ళీ ముందుకీ తిరిగేవాడు. రిటైరయ్యాక ఆ తిరుగుడంతా మా అక్క నెత్తిమీద పడింది. వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి చూస్తాడు, వరండాలోకి వెళ్తాడు, గేటు గడియ వేసి ఉందో లేదో చూసి మళ్ళీ వంటింట్లోకి వస్తాడు. "కాలుగాలిన పిల్లి కూడా ఎప్పుడో ఒకప్పుడు పడుకుంటుందిరా, ఈయన పడుకోడు" అనేది అక్క. వీధి మొదట్లో నాకు బట్టలు కుట్టే షాపుంది. ఇంట్లో తోచనప్పుడల్లా ఆయన అక్కడికొచ్చి, నేను కొలతలు తీసుకుంటున్న మనిషిని కాస్త ముందుకి జరగమనేవాడు.

మా మేనకోడలికి ఉద్యోగం రావడంతో ఆయన కాళ్ళకి పని దొరికింది. రక్తపరీక్షల ల్యాబులో సాయంత్రం షిఫ్టు. పిల్ల పట్టుబట్టి చదివిన చదువు, మొట్టమొదటి ఉద్యోగం, మొహంలో ఆ వెలుగే వేరు. అయితే బస్సు దిగి ఇంటికి రావాలంటే గోదాము గోడ పక్కనుంచే నడవాలి. అక్కడ వీధి దీపం వెలిగితే వింత. ఆ మధ్యే ఒకావిడ చేతిలో సంచి ఎవడో లాక్కుని పారిపోయాడు. అక్క మొదటిరోజే తేల్చి చెప్పేసింది: "ఏ కాస్త తేడా వచ్చినా మర్నాటి నుంచి ఉద్యోగం లేదు, గిద్యోగం లేదు."

"నేను వెళ్ళి తీసుకొస్తాగా" అన్నాడు బావ.

"నేనేమన్నా పలకా బలపం పట్టుకుని బడికి వెళ్తున్నానా నాన్నా? నువ్వు బస్టాపులో నిలబడితే నాతో పనిచేసేవాళ్ళు నవ్వుతారు. నువ్వు రావద్దు, అంతే" అంది పిల్ల.

వద్దంటే ఆగే మనిషా! వీధిలో నలుగురినీ పోగుచేసి, రాత్రిపూట వంతులవారీగా కాపలా కాద్దామన్నాడు. నేను, మందుల షాపాయన, ఎదురింటి టీచరమ్మ చేరాం. ఆలోచన మంచిదే. ఆయన పెట్టిన పద్ధతి మాత్రం ఆయనకే చెల్లింది. టార్చి వెయ్యకూడదు. మాట్లాడకూడదు. చప్పుడు చెయ్యని చెప్పులు వేసుకోవాలి. ఎవరైనా ఒంటరిగా వస్తుంటే వాళ్ళకి తెలియకుండా వెనకాలే నడిచి, ఇల్లు చేరేదాకా చూసి రావాలి.

"టిక్కెట్టు లేనివాడు కండక్టర్ని ముందే చూస్తే దిగిపోతాడు. దొంగయినా అంతే" అన్నాడు.

"మరి ఆ వచ్చేవాళ్ళకి మనం ఎవరమో తెలియద్దా అన్నయ్యగారూ?" అని టీచరమ్మ అడిగింది.

"తెలిస్తే మొహమాటపడతారమ్మా."

మేమంతా బుద్ధిగా తలలూపాం. ఇంట్లో తల్లీకూతుళ్ళకి మాత్రం ఈ సంగతి పొక్కనివ్వద్దని మా చేత ఒట్టు వేయించుకున్నాడు. గోదాము గోడ దగ్గర వంతు ఎప్పుడూ తనదే.

కొన్నాళ్ళకి పిల్ల చిక్కిపోయింది. పిలిస్తే ఉలిక్కిపడేది. ఒకరోజు కుట్టించుకోవడానికి గుడ్డ తెచ్చి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"మామయ్యా, గోదాము దగ్గర ఎవడో నా వెంట పడుతున్నాడు. నేను ఆగితే ఆగుతాడు, తొందరగా నడిస్తే వాడూ తొందరగా నడుస్తాడు. వెనక్కి తిరిగి చూడాలంటే భయం. అమ్మకి చెప్తే ఉద్యోగం మానిపించేస్తుంది. ఏం చెయ్యను?" అంది. కళ్ళనిండా నీళ్ళు.

ఆ సాయంత్రమే బావకి చెప్పాను. ఆయన మొహం కందగడ్డయింది.

"రోజూ దాని వెనకాలే ఉంటాను కదరా! ఒక్కసారి కూడా నా కంట పడలేదంటే వాడెంత జగత్కంత్రీగాడై ఉండాలి! రేపణ్ణుంచి ఇంకాస్త దగ్గరగా నడుస్తాను" అన్నాడు.

అలాగే నడవమన్నాను. బుర్ర ఆయనకి లేదంటే అనుకోవచ్చు, నాకేమైందో నాకే తెలియదు. కాపలా కాసేది మేమైతే, భయపెట్టేవాడు ఇంకెవడో అయి ఉండాలని మా లెక్క.

ఆ వారమంతా బావ మనిషిలా లేడు. అన్నం ముందు కూర్చుని సగంలో లేచిపోయేవాడు. నా షాపు ముందు అటూ ఇటూ తిరిగి తిరిగి గిరాకీని బెదరగొట్టాడు. చివరికి తన పాత కండక్టరు ఈల నాచేత పిల్లకి ఇప్పించి, వాడు వస్తే ఊదమని చెప్పించాడు. ఆ రాత్రి మందుల షాపాయన గోడకి ఆ చివర, నేనూ టీచరమ్మా ఈ చివర కాపు వేశాం. పిల్లకి ఏమీ కాకుండా చూడటానికి ఆయన ఆమె వెనకాల.

ఈల మోగింది. పరుగెత్తాం. మందుల షాపాయన ముందుగా చేరుకుని, గోడకి అతుక్కుపోయి ఉన్న మనిషి కాలరు పట్టుకున్నాడు. నేను టార్చి వేశాను. మా బావ!

మందుల షాపాయనకి నవ్వాగలేదు. నాకూ నవ్వొచ్చింది. పిల్ల మాత్రం నవ్వలేదు. గోడకి చెయ్యి ఆనించి ఆయన మొహంలోకి చూసింది.

"నువ్వా నాన్నా? ఇన్నాళ్ళూ నువ్వేనా?"

"నీకు తోడుగానే కదే తల్లీ..."

"తోడొచ్చేవాళ్ళు ఇలా దాక్కుని వస్తారా? నా వెనక చీకట్లో వచ్చేది నువ్వని నాకెలా తెలుస్తుంది? రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచాను. ఇక నావల్ల కాదని ఇవాళ ఉద్యోగం మానేస్తున్నానని చెప్పొచ్చేశాను!"

మా నవ్వులు ఆగిపోయాయి. బావ ఉన్నచోటే మట్టిలో కూలబడ్డాడు.

"మన వీధి చివరింట్లో ఉండే నర్సమ్మ కూడా ఈమధ్య ఈ దారి మాని చుట్టూ తిరిగి వెళ్తోంది" అని మందుల షాపాయన మెల్లిగా అన్నాడు. "నా వంతు రోజున ఆవిడ వెనకాల ఇంటిదాకా వెళ్ళాను." టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాటకి నాకు సిగ్గేసింది.

ల్యాబు యజమాని ఇంకా ఎవరినీ చూసుకోలేదు కాబట్టి నాలుగు చీవాట్లు పెట్టి పిల్లని మళ్ళీ రానిచ్చాడు. అక్కకి సంగతంతా తెలిసి బావతో రెండు రోజులు మాట్లాడలేదు. పిల్ల మా నలుగురినీ కూర్చోబెట్టి తనే పద్ధతి చెప్పింది: ఎవరి వెనకాలా నడవకూడదు, మొహాలు కనబడేలా వెలుగులో నిలబడాలి, పిలిస్తేనే రావాలి. గోడకి ఎదురుగా ఉన్న ఇళ్ళవాళ్ళని బతిమాలి వరండా లైట్లు వేయించాం. దూరం నుంచే కనబడేలా మా నలుగురికీ నేను పసుపురంగు కోట్లు కుట్టాను. బావకి మాత్రం పిల్ల గోదాము వైపు కాకుండా మార్కెట్టు సందు ఇచ్చింది. ఆయన కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు.

మొన్న ఆ సందులో ఆయనతోపాటు నేనూ నిలబడ్డాను. పిల్ల బస్సు దిగే వేళ. బావ కాలు లేస్తుంది, మళ్ళీ ఉన్నచోటే పడుతుంది. "ఈపాటికి దిగి ఉంటుందంటావా?" అని అడిగాడు. మళ్ళీ అడిగాడు. అంతలో సందులోకి ఒకావిడ వచ్చింది. దీపం కింద మమ్మల్ని చూసి ఆగింది. సంచి గుండెలకి హత్తుకుని, రోడ్డు దాటి, అవతలి పక్కనుంచి గబగబా నడవసాగింది.

"అమ్మా, మేము..." అని బావ ఒక అడుగు వేశాడు. ఆవిడ నడక పరుగయింది.

బావ అడుగు వెనక్కి తీసుకున్నాడు. నేను ఆయన మొహం చూడలేకపోయాను.

"మన పిల్ల కూడా ఇలాగే పరుగెత్తి ఉంటుందిరా" అన్నాడు. ఆవిడ మలుపు తిరిగేదాకా రెండు చేతులతో దీపస్తంభాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.